వెనక చక్రాల బండితో చిత్తూరు దారిలో ఒక చలికాలం: ప్రాజెక్టు డైరీ

2024 సెప్టెంబరు 29, ఆదివారం

బావ ఉద్యోగం మీద జర్మనీకి వెళ్తూ, అమ్మడానికి మనసొప్పని తన రెండు సీట్ల స్పోర్ట్స్ కారును తిరుపతిలో మా ఇంటి ముందున్న వేప చెట్టు కింద నిలిపి నేటికి నాలుగు నెలలయింది. వారానికి ఒకసారి స్టార్ట్ చేసి పది నిమిషాలు ఉంచడం తప్ప దానితో నాకు పని పడలేదు. ఇప్పుడు ఇంట్లో ఉన్న చిన్న కారును తమ్ముడు తన కొత్త ఉద్యోగానికి తీసుకుపోతున్నాడు కాబట్టి, వారానికి నాలుగు రోజులు చిత్తూరు ఆఫీసుకు వెళ్లి రావడానికి నాకు మిగిలినది ఇదొక్కటే. ఒక వైపు దూరం సుమారు 70 కిలోమీటర్లు. అక్టోబరు మొదలుకొని సంక్రాంతి వరకు ఈ కారునే రోజువారీ బండిగా వాడి, ఏమి మార్చవలసి వచ్చిందో, ఏమి ఇబ్బంది పెట్టిందో ఇక్కడ రాసుకుంటాను.

కారు పేరు రాయను. తిరుపతిలో ఇలాంటిది ఇంకొకటి నా కంటపడలేదు. పేరు రాస్తే నంబరు ప్లేటు రాసినట్టే. 2011 మోడల్, ముందు ఇంజిన్, ఆరు సిలిండర్లు, రెండున్నర లీటర్ల పెట్రోలు, దాదాపు 200 హార్స్‌పవర్, ఆటోమేటిక్ గేర్లు, మీట నొక్కితే మడతపడి డిక్కీలోకి పోయే లోహపు పైకప్పు. శక్తి అంతా వెనక చక్రాలకే.

బావ ఫోన్‌లో చెప్పిన మొదటి మాట "చలికాలంలో వెనక చక్రాల బండి జారుతుంది, వింటర్ టైర్లు వేయించు" అని. ఆయన ఉన్న చోట ఆ మాట అక్షరాలా నిజం. మంచు, గడ్డ కట్టిన రోడ్డు ఉన్నప్పుడు వింటర్ టైర్లు ఉండి తీరాలని జర్మనీలో 2010 నుంచి చట్టమే ఉంది. ఉష్ణోగ్రత సుమారు 7 డిగ్రీల కంటే తగ్గితే మామూలు టైరు రబ్బరు బిగుసుకుపోయి రోడ్డును పట్టుకోలేదు. వింటర్ టైరు రబ్బరు ఆ చలిలోనూ మెత్తగా ఉంటుంది. తిరుపతిలో డిసెంబరు తెల్లవారుజామున కూడా దుప్పటి కప్పుకొని కాఫీ తాగేంత చలే తప్ప అంతకు మించి ఉండదు. ఆ మెత్తని రబ్బరు మన ఎండకు నెలల్లో అరిగిపోతుంది. మన చలికాలం అసలు స్వరూపం వేరు: ఈశాన్య రుతుపవనాలు, బంగాళాఖాతంలో వాయుగుండాలు, రెండు రోజులు ఆగకుండా కురిసే వాన, పొంగే వంకలు. అందువల్ల నా లెక్కలో చలికాలమంటే నీళ్లు.

అక్టోబరు 6, ఆదివారం

ఆటోనగర్‌లో మెకానిక్ అన్న దగ్గర కారును లిఫ్ట్ మీద ఎక్కించి కింద నుంచి మీద దాకా చూశాము. సస్పెన్షన్ బుష్‌లు బాగానే ఉన్నాయి. బ్రేక్ ఆయిల్ మార్చాము, వైపర్ రబ్బర్లు మార్చాము. ముందు టైర్లు పర్వాలేదనిపించాయి. వెనక టైర్ల దగ్గర మాత్రం నేనూ మోసపోయాను. గాడి లోతు కొలిస్తే 4 మిల్లీమీటర్లు ఉంది, చట్టం అడిగేది 1.6 మాత్రమే. కానీ పక్క గోడ మీద అచ్చు వేసిన నాలుగంకెలు 3517. అంటే 2017వ సంవత్సరం 35వ వారంలో తయారైన టైరు. ఏడేళ్ల రబ్బరు పైకి నల్లగా నిగనిగలాడుతున్నా గోటితో నొక్కితే దిగలేదు.

"సార్, చూడటానికి కొత్తదే, లోపల ఎండు కొబ్బరి" అన్నాడు మెకానిక్ అన్న. వెంటనే మార్చమని కూడా చెప్పాడు. ధర విని, ఈ నెల జీతం వచ్చాక చూద్దాములే అని వాయిదా వేశాను.

అక్టోబరు 15, మంగళవారం

ఆ వాయిదా ఫలితం ఈ రోజు కనిపించింది. అల్పపీడనం ప్రభావంతో నిన్నటి నుంచి వాన. సాయంత్రం చిత్తూరు నుంచి వస్తూ పూతలపట్టు దాటాక టీ తాగడానికి సర్వీసు రోడ్డులోకి దిగాను. తిరిగి హైవే ఎక్కేటప్పుడు వెనక నుంచి లారీ వస్తున్నది చూసి, స్టీరింగ్ ఇంకా తిప్పి ఉండగానే కొంచెం గట్టిగా తొక్కాను. వేగం ముప్పై కూడా లేదు. వెనక భాగం నా అనుమతి లేకుండా ఎడమ వైపుకు నడిచింది. మీటర్ బోర్డులో పసుపు దీపం టకటకా కొట్టుకుంది, ఇంజిన్ శక్తి దానంతటదే తగ్గిపోయింది, బండి మళ్లీ నిటారుగా నిలబడింది. ఇదంతా జరిగింది ఒక్క క్షణంలోనే. తిరుపతి చేరే వరకు నా చేతుల వణుకు మాత్రం తగ్గలేదు.

ఇంటికి వచ్చి నిదానంగా ఆలోచిస్తే కారణం తేటగానే ఉంది. టైరుకు ఉన్న పట్టు నెల జీతం లాంటిది: మలుపు తిరగడానికి కొంత, వేగం పెంచడానికి కొంత, బ్రేకుకు కొంత, అన్నీ ఆ ఒక్క మొత్తంలో నుంచే పోవాలి. ముందు చక్రాల బండిలో మలుపులో ఎక్కువ తొక్కితే ముందు టైర్ల పట్టు అయిపోయి బండి తిన్నగా పోతుంది. భయపడి కాలు తీస్తే సర్దుకుంటుంది. వెనక చక్రాల బండిలో పట్టు అయిపోయేది వెనక టైర్లకు కాబట్టి తోక బయటికి వస్తుంది, అప్పుడు కాలు ఒక్కసారిగా తీసేస్తే బరువు ముందుకు వాలి వెనక ఇంకా తేలికై పరిస్థితి మరింత చెడవచ్చు. పొడి రోడ్డు మీద తొక్కినప్పుడు బరువు వెనక్కి జరిగి వెనక టైర్లను నేలకు అదుముతుంది. ఈ డిజైన్ గొప్పతనమంతా అందులోనే ఉంది. తడి రోడ్డు మీద అంత గట్టిగా తొక్కే వీలే లేదు కాబట్టి ఆ అదుముడూ ఉండదు. దానికి తోడు ఏడేళ్ల రబ్బరు. ఈ రోజు నన్ను కాపాడినది నా నైపుణ్యం ఎంతమాత్రం కాదు. నాలుగు చక్రాల వేగాన్ని విడివిడిగా చూస్తూ, తప్పు కనిపించిన చోట బ్రేకు వేసి, ఇంజిన్ శక్తిని తగ్గించే స్టెబిలిటీ కంట్రోల్.

అక్టోబరు 20, ఆదివారం

టైర్లు మార్చాను. ఈ పని గురించి కొంచెం వివరంగా రాయాలి.

కంపెనీ నుంచి వచ్చినవి 18 అంగుళాల రిమ్ములు. ముందు 225/40, వెనక 255/35 సైజు రన్‌ఫ్లాట్ టైర్లు (మొదటి అంకె మిల్లీమీటర్లలో టైరు వెడల్పు, రెండోది ఆ వెడల్పులో పక్క గోడ ఎత్తు ఎంత శాతమో). గాలి పూర్తిగా పోయినా గంటకు 80 కిలోమీటర్ల వేగం మించకుండా మరో 80 కిలోమీటర్లు నడపవచ్చునన్న భరోసాతో డిక్కీలో స్టెప్నీ ఇవ్వలేదు. కాగితం మీద బాగుంది. కానీ రన్‌ఫ్లాట్ పక్క గోడ రాయిలా ఉంటుంది, గుంతలో పడితే దెబ్బ నేరుగా రిమ్ముకు తగులుతుంది. పైగా పాకాల దగ్గర పంక్చరు షాపులో అడిగితే ఆ కుర్రాడు టైరును ఒకసారి తట్టి చూసి, "దీన్ని రిమ్ము నుంచి ఊడదీసే లోపల మా మిషను ఊడిపోతుంది సార్" అని చేతులు దులుపుకున్నాడు.

అందుకని బెంగళూరులో ఇదే మోడల్ కారు నుంచి తీసిన 17 అంగుళాల రిమ్ములు నాలుగు సంపాదించి, నాలుగింటికీ 225/45 సైజు మామూలు ట్యూబ్‌లెస్ టైర్లు వేయించాను. సైజు మార్చేటప్పుడు చూడవలసిన మొదటి విషయం చక్రం మొత్తం వ్యాసం. పాత ముందు చక్రం 637 మిల్లీమీటర్లు, పాత వెనక చక్రం 636, కొత్తవి 634. తేడా మూడు మిల్లీమీటర్ల లోపే కాబట్టి స్పీడోమీటరుకు గాని, చక్రాల వేగాన్ని పోల్చి చూసే స్టెబిలిటీ కంట్రోల్‌కు గాని తికమక ఉండదు. పక్క గోడ ఎత్తు వెనక 89 మిల్లీమీటర్ల నుంచి 101కి పెరిగింది. ఆ పన్నెండు మిల్లీమీటర్ల రబ్బరే గుంతలకూ నా నడుముకూ మధ్య పరుపు. వెనక టైరు వెడల్పు 30 మిల్లీమీటర్లు తగ్గింది. వెడల్పు తగ్గితే పట్టు తగ్గుతుందని స్నేహితులు అన్నారు. పొడి రోడ్డు మీద నిజమే. నిలిచిన నీటిలో మాత్రం సన్నని టైరు నీటిని చీల్చుకొని నేలను అందుకుంటుంది, వెడల్పు టైరు పడవలా తేలడానికి చూస్తుంది.

ఈ తేలడం గురించి 1960లలో నాసా విమానాల టైర్ల మీద పరీక్షలు చేసి ఒక సూత్రం తయారుచేసింది. టైరులోని గాలి పీడనానికి (గాలి కొట్టించేటప్పుడు చెప్పే పిఎస్ఐ అంకెకు) వర్గమూలం తీసి, దాన్ని 16.7తో గుణిస్తే, టైరు నీటి మీద తేలిపోయే వేగం గంటకు కిలోమీటర్లలో వస్తుంది. నా టైర్లలో 33 పిఎస్ఐ. లెక్క వేస్తే దాదాపు 96. అది విమానం టైరు లెక్క. కారుకు, అందులోనూ అరిగిన గాడులకు, ఆ వేగం ఇంకా తగ్గుతుంది. కాబట్టి హైవే మీద నీళ్లు నిలిచి కనిపిస్తే 70 దాటకూడదని నాకు నేను హద్దు పెట్టుకున్నాను. మరో సంగతి: గాలి తగ్గిస్తే తడి మీద పట్టు పెరుగుతుందని మన దగ్గర చాలామంది నమ్మకం. ఈ సూత్రమే దానికి జవాబు. గాలి తగ్గితే తేలే వేగమూ తగ్గుతుంది.

డిక్కీలో చిన్న కంప్రెసరు, పంక్చరు రంధ్రంలో దూర్చే రబ్బరు పుల్లల డబ్బా పెట్టాను. స్టెప్నీకి చోటు ఎలాగూ లేదు.

నవంబరు 3, ఆదివారం

దీపావళి అయింది. కొత్త టైర్లతో పది రోజులు తిరిగాను, అందులో నాలుగు రోజులు వాన. పూతలపట్టు దగ్గర అదే చోట, అదే మలుపు, ఈసారి బుద్ధిగా స్టీరింగ్ తిన్నగా అయ్యాక తొక్కాను. పసుపు దీపం వెలగలేదు. ఇంకేమీ రాయడానికి లేదు.

నవంబరు 10, ఆదివారం

అందరూ నన్ను తోక జారుతుందని భయపెట్టారు. రోజూ నన్ను వేధిస్తున్నది మాత్రం కడుపు. మట్టం మీద నిలిపి టేపుతో కొలిస్తే, నేల నుంచి కారు కింది ప్లాస్టిక్ పలక వరకు 12 సెంటీమీటర్లు.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం గుండ్రని స్పీడ్ బ్రేకరు 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. అలాంటి దాని మీద ఈ కారు కూడా మర్యాదగా ఎక్కి దిగుతుంది. ఊరి వాళ్లు ఏదో ప్రమాదం జరిగిన మర్నాడు, బాధలో, ఒక తట్ట సిమెంటుతో వేసుకున్న బ్రేకరుకు ఏ ప్రమాణమూ ఉండదు, వాళ్లను తప్పు పట్టలేము కూడా. మా దారిలో అలాంటివి మూడు ఉన్నాయి. వాటిని నేరుగా ఎక్కితే ముందు చక్రాలు దిగగానే నడుము తగిలి గీసుకుంటుంది. ఒక చక్రం తర్వాత ఒక చక్రం ఎక్కేలా ఏటవాలుగా, నడక వేగంతో పోతే తగలడం లేదు. ఇలా అడ్డంగా తిరిగినప్పుడు వెనక బైకుల వాళ్లు నేను యూటర్న్ తీసుకుంటున్నానని అనుకొని తిట్టుకుంటున్నారు.

బావ మళ్లీ ఫోన్ చేసి, మంచు దేశాల్లో వెనక చక్రాల బండి డిక్కీలో ఇసుక బస్తా వేస్తారని, నన్నూ వేయమని చెప్పాడు. అక్కడ దాని ఉద్దేశం వెనక చక్రాల మీద బరువు పెంచడం. ఇక్కడ ఇసుకకు బదులు సోనా మసూరి 25 కిలోల బస్తా ఒకటి ఎలాగూ ఇంటికి తేవలసి ఉంది కాబట్టి వేసి చూశాను. పట్టులో తేడా నాకు తెలియలేదు; మూడో బ్రేకరు దగ్గర మాత్రం కడుపు గీసుకొని తేడా బాగా తెలిసింది.

నవంబరు 17, ఆదివారం

డిక్కీలో పాత గోనె సంచి వాసన. కింది పలక ఎత్తి చూస్తే బ్యాటరీ పక్కన గుంటలో రెండు గ్లాసుల నీళ్లు. పైకప్పు మడతల మీద పడిన వాన నీరు చిన్న గొట్టాల ద్వారా చక్రాల వెనకకు దిగిపోవాలి. ఆ గొట్టాల నోళ్లను వేపాకులు, వేప పువ్వుల పొడి కలిసి పిడచ కట్టి మూసేశాయి. నాలుగు నెలలు చెట్టు కింద నిలిపిన పాపం నాదే, కారుది కాదు. కంప్రెసరు గాలితో ఊదితే లోపల గొట్టం కీలు ఊడిపోయే ప్రమాదం ఉందని మెకానిక్ అన్న హెచ్చరించాడు. గడ్డి కోసే యంత్రంలో వాడే నైలాన్ తీగ మీటరు ముక్క తెచ్చి, మెల్లగా తిప్పుతూ దింపితే, నల్లటి పిడచ కింద నుంచి బయటపడింది. తర్వాత చెంబుతో నీళ్లు పోసి చూశాను. రెండు వైపులా ధార సమానంగా వచ్చింది. ఇకపై కారు చెట్టు కింద నిలపను. ఎండకు రంగు పోతే పోనీ.

డిసెంబరు 1, ఆదివారం

నిన్న రాత్రి ఫెంగల్ తుఫాను పుదుచ్చేరి దగ్గర తీరం దాటింది. ఇక్కడ రాత్రంతా వాన. నిన్న శనివారమైనా ఆఫీసులో పని ఉండి చిత్తూరు వెళ్లాను, మధ్యాహ్నానికే బయలుదేరి వచ్చేశాను.

ఈ ఊళ్లో వాన నీటి గురించి తమాషాగా రాయడానికి చేయి రాదు. 2021 అక్టోబరులో వెస్ట్ చర్చి దగ్గరి రైల్వే అండర్ బ్రిడ్జిలో నిలిచిన నీటిలో ఒక వాహనం చిక్కుకొని ఒక ప్రాణం పోయింది. ఆ మరుసటి నెలలోనే స్వర్ణముఖి పొంగి, చుట్టుపక్కల ఊళ్లతో పాటు నగరంలో ఎన్నో కాలనీలు మునిగాయి. అందువల్ల నా మొదటి నియమం, వాన ఉన్న రోజు ఏ అండర్ బ్రిడ్జిలోకీ దిగను. చుట్టు తిరిగితే పోయేది పదిహేను నిమిషాలు.

నిలిచిన నీటి విషయంలో ఈ కారుకు భయపడవలసినది ఇంజిన్ ఊపిరి గురించి. గాలి పీల్చే గొట్టం నోరు గ్రిల్లు వెనక, నేల నుంచి 58 సెంటీమీటర్ల ఎత్తున ఉంది. వినడానికి చాలా ఎత్తే. కానీ కదిలే బండి ముందు నీరు అలలా లేస్తుంది, ఎదురుగా బస్సు వస్తే అది ఇంకో అల పంపుతుంది. నీరు సిలిండరులోకి పోతే పిస్టన్ దాన్ని గాలిలా నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. నీటిలో బండి ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చేయకూడదని చెప్పేది అందుకే. ఆగిన ఇంజిన్ చాలాసార్లు బాగానే ఉంటుంది, రెండోసారి తిప్పడంతోనే పాడవుతుంది. ఇన్సూరెన్సులో ఇంజిన్ రక్షణ అనే అదనపు కవరు ఉంటేనే ఈ ఖర్చు వస్తుంది. గత నెల రెన్యువల్‌లో దాన్ని చేర్పించాను.

నీటి లోతు చూసి చెప్పడం కష్టం. నాకు దొరికిన కొలబద్ద ఆటో. దాని చక్రం చిన్నది, ముందు చక్రం ఇరుసు నేలకు సుమారు 20 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. ముందు పోయే ఆటో ఇరుసు కనిపిస్తూ ఉంటే దాని వెనకే, మొదటి గేరులో, ఆగకుండా పోవచ్చు. ఇరుసు మునిగితే నేను వెనక్కి తిరగాలి. నిన్న తిరుచానూరు రోడ్డులో ఒక సందు దగ్గర ఇరుసు మునిగింది. కారును అక్కడే ఎత్తుగా ఉన్న కల్యాణ మండపం ఆవరణలో నిలిపి, వాచ్‌మన్‌కు చెప్పి, అదే ఆటోలో ఇంటికి వచ్చాను. వెనక చక్రాలా, ముందు చక్రాలా అన్న చర్చకు అక్కడ అర్థమే లేదు. ఈ ఉదయం వెళ్లి తెచ్చుకున్నాను. రాత్రంతా తడిసిన బ్రేకు డిస్కుల మీద ఎర్రటి తుప్పు పొర. మొదటి అర కిలోమీటరు మెల్లగా పోతూ రెండు మూడుసార్లు బ్రేకును తేలికగా తొక్కితే పోయింది.

డిసెంబరు 12, గురువారం

మళ్లీ అల్పపీడనం, మళ్లీ వాన. సెలవు పెట్టాను. కారు కదల్లేదు.

డిసెంబరు 22, ఆదివారం

వానలు తగ్గి పొగమంచు, చెరకు మొదలయ్యాయి. పాకాల, పూతలపట్టు వైపు గానుగలు ఆడుతున్నాయి. తెల్లవారుజామున అద్దం దించితే కాగుతున్న బెల్లం వాసన కారంతా నిండుతుంది. ఆ వాసన వచ్చిందంటే ఎదురుగా ఎక్కడో వెనక దీపం లేని చెరకు ట్రాక్టరు ఉందని అర్థం. ఈ కారులో నా కళ్లు ట్రాక్టరు ట్రాలీ ఇరుసుకు సమానమైన ఎత్తులో ఉంటాయి కాబట్టి, దాని ముందు ఏముందో నాకు కనిపించే అవకాశమే లేదు. పొలం నుంచి రోడ్డెక్కిన చక్రాల మట్టి, నలిగిన చెరకు పిప్పి, పైన మంచు తేమ కలిసి కొన్ని చోట్ల రోడ్డు పాచి పట్టిన మెట్టులా ఉంటుంది. నిన్న అలాంటి చోట పసుపు దీపం ఒకసారి మిణుకుమంది. తొక్కుడు కొంచెమే కాబట్టి బండి కదలలేదు. తెల్లవారుజామున తిరుమలకు కాలినడకన పోయే భక్తులు రోడ్డంచున గుంపులుగా ఉంటారు. చంద్రగిరి దాటే వరకు వేగం గురించి ఆలోచించడం కూడా తప్పే.

అద్దం మసకబారడం రెండు రకాలని ఈ నెలలో తెలుసుకున్నాను. లోపల ఆవిరి పడితే ఏసీ వేసి గాలిని అద్దం మీదికి మళ్లిస్తే పోతుంది. మన తేమకు చాలాసార్లు పడేది బయట. చల్లని ఏసీ గాలి తగిలి అద్దం చల్లబడితే బయటి తేమ దాని మీద చేరుతుంది. అప్పుడు ఏసీ ఇంకా పెంచితే ఇంకా మసకబారుతుంది. ఉష్ణోగ్రత పెంచి, వైపరు ఒకసారి తిప్పాలి. రెండు వారాలు నేను దీన్ని తలకిందులుగా చేస్తూ వచ్చాను.

డిసెంబరు 29, ఆదివారం

అమ్మను తిరుమలకు తీసుకెళ్లాను. ఎక్కే దారిలో కనీసం 28 నిమిషాలు, దిగే దారిలో 40 నిమిషాలు పట్టాలన్న నియమం ఉండటం వల్ల ఘాట్‌లో స్పోర్ట్స్ కారుకూ, తిరుమల బస్సుకూ భేదం లేదు. దిగేటప్పుడు గేరును చేతితో రెండులో నిలిపి వచ్చాను, బ్రేకులు వేడెక్కలేదు. వాన తడి ఉన్న మలుపుల్లో కారు ఎంతో నిబ్బరంగా ఉంది, అంత మెల్లగా పోతే ఏ కారైనా అలాగే ఉంటుంది.

అమ్మ తీర్పు వేరు. "బావిలో కూర్చోబెట్టినట్టు కూర్చోబెట్టినావు, ఇప్పుడు చేదుకో నాయనా" అని రెండు చేతులూ చాచింది. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకు ఈ సీటు శిక్ష. డోరు పూర్తిగా తెరిచి, ముందు రెండు కాళ్లూ బయట పెట్టించి, తర్వాత లేపితే కొంత నయం.

2025 జనవరి 12, ఆదివారం

రేపు భోగి. మూడు నెలల్లో 7,400 కిలోమీటర్లు తిరిగాను. పెట్రోలు లీటరుకు హైవే మీద పదకొండు, ఊళ్లో ఏడు కిలోమీటర్లు వచ్చింది. ఆ ఖర్చును విడిగా రాసుకున్న కాగితం నా భార్యకు కనపడనివ్వలేదు. కింది ప్లాస్టిక్ పలక మూడు చోట్ల చిరిగింది, ఒకసారి కేబుల్ టైలతో కుట్టాము, ఇప్పుడు కొత్తది కావాలి. ఒక పంక్చరు, పుల్లతోనే పోయింది.

టైర్ల గాడి కొలిచాను. కొత్తలో 8 మిల్లీమీటర్లు ఉన్నవి ముందు 7.4, వెనక 6.7 అయ్యాయి. శక్తి వెనక నుంచే పోతుంది కాబట్టి వెనకవి ముందుగా అరగడం సహజం. నాలుగూ ఒకే సైజు కావడం వల్ల ఇప్పుడు వెనకవి ముందుకు, ముందువి వెనక్కి మార్చుకోగలిగాను. పాత ఏర్పాటులో ఇది కుదిరేది కాదు. మెకానిక్ అన్న నాలుగు చక్రాల బోల్టులూ బిగించి, పాత వెనక టైర్లు ఇంకా తన షెడ్డు మూలలోనే ఉన్నాయని, ఏం చేయమంటావని అడిగాడు. భోగి మంటలో వేయవద్దని మాత్రం చెప్పి వచ్చాను.

ఇక మిగిలినవి రెండు పనులు. కర్ణాటక రిజిస్ట్రేషన్ కాబట్టి, ఇక్కడికి వచ్చిన 12 నెలల లోపల, అంటే మే నెలాఖరుకు, ఆంధ్రప్రదేశ్ నంబరుకు మార్చాలి. బెంగళూరు ఆర్టీవో నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) కోసం బావ సంతకం చేసిన కాగితాలు పంపాడు. రెండోది, ఆ కింది పలక. ప్లాస్టిక్‌కు బదులు పలుచని అల్యూమినియం రేకుతో ఇక్కడే చేయించవచ్చునని మెకానిక్ అన్న అంటున్నాడు. మందం పెరిగి మిగిలిన 12 సెంటీమీటర్లలో నుంచి ఎంత పోతుందో కొలిచి చూసి చెబుతానన్నాను.